రెండు తొక్కులు

పదకొండు బోల్టులు లేసినయి.
పన్నెండోది తల అరిగి, గుండ్రంగ,
పానా పట్టుకుందామంటే జారుతున్నది.
సన్న ఉలి, సుత్తి, ఇంత కిరసనాయిలు—
పొద్దుగూకే యాళ్లకు మూతొచ్చింది.

లోపల నల్లటి గ్రీసు.
గ్రీసుల తెల్లటి పొడి,
చాట చెరిగినంక మిగిలిన తవుడు లెక్క.
పళ్లు ఇవి, ఇస్తారన్నా.
చక్రానికి ముప్పయ్యారు ఉండాలె.
ఒకదానికి ఓ పక్క మొత్తం బోసి.

ఆయన బల్ల మీద కూసున్నడు
కుడికాలు బజార్లకు సాపి.
మర్రిగూడ బోరునీళ్లు
చిన్నప్పటి సంది తాగిన మోకాలు, వంగదు.
హ్యాండిలుకు నూలు చిటికీల సంచి.
చండూరు నుంచి గట్టుప్పల దాక
ఏ మగ్గానికి ఏ రంగు అందాల్నో
నోటి లెక్కనే, చీటీ లేదు.

"లైఫ్‌టైం అన్నడు గదా మదార్ భాయ్, కంపెనీ పిలగాడు."
ఎవరి లైఫో అడగకపోతివి.

ఆరేండ్లల్ల నలభై మోటర్లు ఇప్పిన.
రాగితీగ మాడి సచ్చినయి రెండే—
ఒకటి వాగుల మునిగింది,
ఒకటి కంది బస్తాలు మోసింది.
మిగతా అన్నిట్ల మోటరు మంచిగనే ఉండె.
ఇరుసుల దూరే కాడ వైరు ఒరుసుకపోయింది,
బేరింగుల వాన నీళ్లు తుప్పు కట్టినయి,
నట్టు లూజై ఇరుసే తనకు తాను తిరిగి
తన వైర్లు తానే తెంపుకున్నది ఒకటి.
మోటరు సావదన్నా,
దాని పక్కపొంటి ఉన్నయి సస్తయి.

ఒక్క మాట ఇను.
నిలవడ్డ బండిని ఒక్కసారే గుంజమనకు.
నీ బరువు, నూలు బరువు,
అంతా ఈ నైలాన్ పళ్ల మీదనే పడ్తది.
ముందుగాల రెండు తొక్కులు తొక్కు,
బండి కదిలినంక ఎక్సలేటర్ తిప్పు.

ఆయన ఏం మాట్లాడలే.
నా పదమూడో నంబరు పానా తీసుకొని
మోకాలి మీద కొట్టి చూపెట్టిండు.
గడప మీద కొట్టినట్టు మోగింది.
"రెండు తొక్కులు తొక్కేటోన్నైతే
నీ దుకాణం ఎక్కడున్నదో నాకెందుకు ఎరుక?"

నలభై మందికి చెప్పిన ఈ మాట.
ఎవ్వడూ ఇట్ల తిప్పి ఇయ్యలే.
గ్రీసు డబ్బా మూత
మూసి, మళ్ల తీసిన.

ఇనుపయి ఉన్నయి ఒక జత, అన్న.
అరగవు. గనీ ఇగ లోపల
మెత్తటిది ఏదీ ఉండదు.
గుంతల దిగితే దెబ్బంతా ఇరుసు మీదికి పోతది.
నైలానుది ముందుగాల పోయేది అందుకే,
తక్కినయి బతుకుతయని.
ఇంకోటి, చప్పుడైతది. మిక్సీ లెక్క.

"ఎంత దూరం ఇనవడ్తది?"

ఫర్లాంగు. రాత్రయితే ఇంకింత.

చానాసేపు ఆలోచన చేసిండు.
"మా రాములమ్మకు చూపు తగ్గింది.
చీకటైతే దర్వాజల నిలవడ్తది.
ఈ బండేమో పిల్లి లెక్కొస్తది,
దగ్గరికొచ్చి పిలిస్తే జడుసుకుంటది.
ఎయ్యి."

ఏసిన. పన్నెండో బోల్టు కొత్తది పెట్టిన.
వైరుకు ఇరుసు కాడ రబ్బరు చుట్టి
వాన నీళ్లు కిందికి జారేటట్టు వంపు ఇచ్చిన.
ఆయన ఎక్కంగనే
ఎనుక సీటు పట్టుకొని నేనే నూకిన,
నాలుగడుగులు, చెప్పులు ఇడిసి.
రైసుమిల్లు దాటింది చప్పుడు,
కల్వర్టు చడావు కాడ బొంగురువోయింది,
మళ్ల సన్నగ, ఇంకా సన్నగ.
చాయ్ హోటలాయన తల బయటపెట్టి తిట్టిండు.

రెండు నెలలకు వచ్చిండు, గాలి కొట్టించుకునేతందుకు.
మూత తీయనియ్యలే.
గట్టుప్పలల ప్రతి మగ్గం కాడ
పోరగాండ్లు నూకుతున్నరట,
నూకినోనికి ఒక చాక్లెట్.
మీటర్ల పద్నాలుగు వేల మూడొందలు.
చాక్లెట్లు ఎన్నయినయో
రాములమ్మ రాసిపెడుతున్నదట.